సంఘం ముద్ర ఆ అర్జీ మీద వద్దు

గత రెండు నెలలుగా హోసూరులో మేముండే లేఅవుట్‌లో ఏ ఇద్దరు కలిసినా ఒకటే మాట. పాల బూత్ దగ్గర అదే, వాకింగులో అదే, సెలూన్‌లో అదే. తూర్పు వైపు రెండెకరాల స్థలం ఒక పెద్ద చర్చి కొన్నది. ఎనిమిది వందల మంది కూర్చునే ఆరాధన మందిరం, పక్కన పిల్లల బడి గదులు, కింద భోజనాల హాలు కట్టాలని ప్లాను పెట్టుకున్నది. దీనికి వ్యతిరేకంగా కలెక్టరు గారికి, నగరపాలక కమిషనరు గారికి ఇవ్వడానికి ఒక అర్జీ తయారై ఇంటింటికీ తిరుగుతున్నది. అది లేఅవుట్ వాసుల సొంత గొడవ అయితే ఈ పత్రికలో రాసేవాణ్ణి కాదు. ఆ అర్జీ కింద మన తెలుగు సంఘం ముద్ర కూడా వెయ్యాలని కొందరు పట్టుబట్టారు. వచ్చే సర్వసభ్య సమావేశంలో అది తీర్మానంగా రాబోతున్నది. అందుకని రాస్తున్నాను.

ముందు నా అర్హత చెప్పుకోవాలి. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. నడివయసు దాటాను. సాహిత్య పత్రికలో రాయడానికి నాకున్న హక్కు ఏటేటా చందా కట్టడం ఒక్కటే. నేను క్రైస్తవుణ్ణి కాను. మా ఇంట్లో శనివారం శనివారం వేంకటేశ్వరుడికి దీపం పెడతాం. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఒక పెద్దాయన నన్ను నిలేసి, "ఏం నాయనా, నీకేమైనా వాళ్ళు ముట్టజెప్పారా?" అని అడిగారు. "అయ్యా, నేను బ్యాంకు వాణ్ణి, ముడితే వోచరు ఉంటుంది" అన్నాను. ఆయన నవ్వలేదు.

అర్జీ నకలు నా ముందుంది. మొదటి వాక్యం: మాకు ఏ మతం మీదా ద్వేషం లేదు, కానీ. ఆ 'కానీ' తర్వాత పదకొండు అభ్యంతరాలు. రోడ్డు ఇరుకు, శబ్దం, డ్రైనేజి, ఇళ్ళ ధరలు, విదేశీ డబ్బు, మతమార్పిడి, లేఅవుట్ 'స్వరూపం' మారడం ఇలా సాగుతుంది జాబితా. కొన్నిటికి విలువ ఉంది, కొన్నిటికి లేదు. అన్నీ ఒకే తాటికి కట్టి తూకం వెయ్యమంటున్నారు.

బ్యాంకులో అప్పు దరఖాస్తు వస్తే మేము చూసేది ఏం అడిగారు, ఏం చూపించారు, ఏ షరతుల మీద ఇవ్వవచ్చు అని. ఎవరు అడిగారు అన్నది గుర్తింపు కాగితాలకే పనికొస్తుంది. ఇవ్వదలుచుకోని అధికారి పని వేరుగా ఉంటుంది. ఈ రోజు ఈసీ తెమ్మంటాడు. తెస్తే లీగల్ ఒపీనియన్ తెమ్మంటాడు. అదీ తెస్తే పక్కింటి వాడి సంతకం కావాలంటాడు. నాలుగోసారి ఆ మనిషి రాడు. ఫైలు మీద 'దరఖాస్తుదారు ఆసక్తి చూపలేదు' అని రాసి మూసేస్తాడు. నా ఉద్యోగ జీవితంలో ఇలాంటి ఫైళ్ళు చాలా చూశాను. ఈ అర్జీకి ఆ వాసన ఉంది. కనుక ఒక్కొక్క అభ్యంతరాన్నీ విప్పి చూద్దాం.

రోడ్డు మాట నిజం. ముప్పై అడుగుల రోడ్డు మీద ఆదివారం పొద్దున ఎనిమిది వందల మంది దిగితే పాల బండి కూడా కదలదు. దీన్ని కాదన్నవాడు అబద్ధమాడినట్టే. కాని లెక్క వెయ్యండి. ఎనిమిది వందల మందిలో సగం మంది నడిచో, ఆటోలోనో, బస్సులోనో వస్తారనుకుందాం. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది సిప్కాట్ కార్మికులు, వాళ్ళ కుటుంబాలు. మిగిలిన నాలుగు వందల్లో రెండు వందల మంది ఇద్దరిద్దరుగా టూవీలర్ల మీద వస్తే వంద బండ్లు. మరో రెండు వందల మంది నలుగురు నలుగురుగా కార్లలో వస్తే యాభై కార్లు. కారు నిలవడానికీ తిరగడానికీ కలిపి ఇరవై అయిదు చదరపు మీటర్లు వేసుకుంటే 1,250. బండికి రెండు మీటర్ల చొప్పున ఇంకో 200. మొత్తం 1,450 చదరపు మీటర్లు, అంటే ముప్పై ఆరు సెంట్లు. వాళ్ళకున్నది రెండు వందల సెంట్లు. ఆ ముప్పై ఆరు సెంట్లు ప్లానులో గీసి చూపించమనండి. గేటు లోపలి వీధిలోకి కాక మెయిన్ రోడ్డు వైపు పెట్టమనండి. మూడు ఆరాధనల మధ్య ముప్పావు గంట విరామం ఉంచమనండి. చర్చి వాళ్ళు ఒప్పుకుంటే సమస్య తీరింది. ఒప్పుకోకపోతే మన చేతికి అసలైన అభ్యంతరం వచ్చింది. ఈ లెక్క అర్జీలో ఒక్క ముక్క కూడా లేదు. 'ట్రాఫిక్ విపరీతంగా పెరుగును' అని మాత్రం ఉంది. సమస్య తీరాలనుకునేవాడు లెక్క చూపిస్తాడు. తీరకూడదనుకునేవాడికి 'విపరీతంగా' అన్న మాట చాలు.

మన లేఅవుట్ రెండో మలుపులో కల్యాణ మండపం ఉంది. అందులో ఆరు వందల కుర్చీలు పడతాయి, పార్కింగు మాత్రం పది కార్లకే. ముహూర్తాల రోజున అంబులెన్సు రావాలంటే దేవుడే దిక్కు. దాని మీద ఇంతవరకూ ఒక్క అర్జీ పుట్టలేదు. ఎందుకంటే మన సీమంతాలు, నిశ్చితార్థాలు, మన సంఘం ఉగాది సంబరం అన్నీ అక్కడే. చంద్రచూడేశ్వరుడి రథం కదిలే రోజు ఊరంతా ఆగిపోతుంది. కర్ణాటక నుంచీ, ఆంధ్ర నుంచీ జనం వస్తారు. దాన్ని మనం ట్రాఫిక్ అనం, తిరునాళ్ళంటాం. నేనూ అనను. అలా అనకపోవడంలో తప్పులేదు. పక్కవాడి పండక్కి మాత్రం ట్రాఫిక్ అని పేరు పెట్టడంలో ఉంది తిరకాసు.

ఇక శబ్దం. దీని మీద న్యాయస్థానాలు ఇరవై ఏళ్ళ కిందటే తేల్చిన సంగతి మన రాష్ట్రంలోనే ఉంది. అర్జీ రాసిన వకీలు గారు దాన్ని ఉదహరించారు కూడా, కాని సగమే. చెన్నైలో మాధవరం హైరోడ్డు మీద కె.కె.ఆర్. నగర్ ఉంది. అక్కడి ఒక పెంతెకొస్తు చర్చిలో డ్రమ్ములు, గిటార్లు, లౌడ్ స్పీకర్లు పెట్టి ప్రార్థన చేస్తున్నారని కాలనీ సంక్షేమ సంఘం 1996లో కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేసింది. వ్యవహారం హైకోర్టుకీ, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకీ పోయింది. 2000 ఆగస్టు 30న తీర్పు వచ్చింది. ఇతరుల ప్రశాంతతను భంగపరిచి ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పదని, మత స్వేచ్ఛ పేరుతో మైకు హక్కు అడగడానికి వీల్లేదని ఆ తీర్పు సారాంశం. చర్చి అప్పీలు ఓడిపోయింది. వకీలు గారు ఇంతవరకు రాసి ఆపారు.

మిగతా సగం ఇది. కాలుష్య మండలి వాళ్ళు వెళ్ళి కొలిస్తే, అక్కడి రణగొణధ్వనిలో రోడ్డు మీద పోయే వాహనాల వాటా కూడా ఉన్నదని తేలింది. అందుకని హైకోర్టు పోలీసులకు రెండు పనులు చెప్పింది: మోత చేసే వాహనాల మీద చర్య తీసుకోండి, చర్చి స్పీకర్లను తక్కువ స్థాయిలో ఉంచేటట్టు చూడండి అని. చర్చి మూసెయ్యమని అనలేదు, అక్కడ ప్రార్థన వద్దనీ అనలేదు. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వులో జోక్యం చేసుకోలేదు. డెసిబెల్‌కు బాప్తిస్మమూ లేదు, ఉపనయనమూ లేదు. లారీ హారన్ అయినా, హల్లెలూయ అయినా యంత్రం ముల్లు ఒకే రీతిగా కదులుతుంది.

2000లోనే కేంద్ర ప్రభుత్వం శబ్ద కాలుష్య నిబంధనలు తెచ్చింది. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్సు, రాత్రి 45. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగ స్థలంలో మైకు కూడదు. పండగలకు అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్రానికి ఉంది, అదీ ఏడాదికి పదిహేను రోజులు మించకుండా. ఇప్పుడు మనమే గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకుందాం. ఆడి నెలలో అమ్మన్ గుడికి కూళ్ పోసే వారాల్లో కరెంటు స్తంభానికొకటి కట్టే కొమ్ము స్పీకర్లు ఎన్ని డెసిబెల్సు? మార్గళి నెలలో తెల్లవారుజామున నాలుగున్నరకే తిరుప్పావై పెట్టే మైకుకి ఏ సడలింపు ఉంది? నాకు తిరుప్పావై ప్రీతి. అయినా ప్లస్ టూ పరీక్షలకు చదివే పిల్లలున్న ఇంట్లో దాన్ని ఏ పేరుతో పిలుస్తారో నాకు తెలుసు. శబ్దం మీద అర్జీ పెడదాం, తప్పక పెడదాం. లేఅవుట్‌లోని మూడు గుళ్ళు, కల్యాణ మండపం, రాబోయే చర్చి, రాజకీయ సభల మైదానం, మన ఉగాది కవి సమ్మేళనం అన్నిటికీ వర్తించేటట్టు పెడదాం. మొదటి సంతకం నాదే. అలాంటి అర్జీకి ఎంతమంది ముందుకొస్తారో చూద్దాం.

ఇళ్ళ ధరలు పడిపోతాయన్నది నా వృత్తికి సంబంధించిన మాట గనక దానిమీద ఎక్కువ రాయను. వందల హౌసింగ్ లోన్ల వాల్యుయేషన్ రిపోర్టులు నా చేతుల మీదుగా పోయాయి. రోడ్డు వెడల్పు, అప్రూవల్ నంబరు, నీటి వసతి, బస్టాండు దూరం ఇవన్నీ ఉంటాయి. పక్కింటివాడి దేవుడెవరని అడిగే గడి నేను చూసిన ఏ రిపోర్టులోనూ లేదు.

విదేశీ డబ్బు అంటున్నారు. అనేవాళ్ళు ఆ డబ్బు గోనె సంచుల్లో వస్తుందన్నట్టు అంటున్నారు. విదేశీ విరాళం తీసుకోవాలంటే 2010 నాటి చట్టం కింద కేంద్ర హోం శాఖ దగ్గర రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. 2020లో ఆ చట్టాన్ని సవరించి ఇంకా బిగించారు. దేశంలో ఏ మూల సంస్థకైనా సరే ఆ డబ్బు మొదట ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోకే రావాలి. తీసుకున్న సంస్థ ఇంకో సంస్థకు బదిలీ చెయ్యకూడదు. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, అంతకుముందు అది 50 ఉండేది. ఈ చట్టం చర్చికీ, మఠానికీ, మదరసాకీ ఒకటే. అనుమానం ఉన్నవాళ్ళు రిజిస్ట్రేషన్ ఉన్నదా అని చర్చి వాళ్ళని రాతపూర్వకంగా అడగవచ్చు. తప్పు కనబడితే హోం శాఖకు రాయవచ్చు. అది అడగకుండా 'విదేశీ డబ్బు' అని గోడ మీద రాసినట్టు అర్జీలో రాయడం పుకారుకు ముద్ర వెయ్యడమే అవుతుంది. చూడగా చూడగా ఆ షెడ్డు గోడ మీద విరాళాల పట్టిక కనబడింది. నెలకు రెండు వందలు, అయిదు వందలు చొప్పున ఫ్యాక్టరీ జీతాల్లోంచి ఇచ్చేవాళ్ళ పేర్లవి. మన సంఘంలో వార్షిక చందా వసూలు చెయ్యడానికి కోశాధికారి గారు మూడుసార్లు ఫోన్ చెయ్యాలి.

మతమార్పిడి సంగతి. బలవంతంతోనో, మోసంతోనో ఎవరినైనా మతం మార్పిస్తే అది నేరంగా చూడవలసినదే. మత ప్రచారం చేసుకునే హక్కులో ఇంకొకరిని మార్చే హక్కు లేదని సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. ఎవరిని, ఎప్పుడు, ఎలా మోసం చేశారో ఉంటే పోలీసు స్టేషనుకు వెళ్ళాలి. ప్లాను ఆపడానికి దాన్ని వాడుకోవడం ఏమిటి? గోడలూ పైకప్పూ కట్టినంత మాత్రాన మన మతంలో వాళ్ళు అటు పోతారని భయపడేవాళ్ళు చర్చి బలం గురించి చెప్పడం లేదు, మన బలహీనత గురించి చెబుతున్నారు. ఆ బలహీనతకు కారణాలు వెతకాలంటే రెండెకరాల స్థలం దాకా పోనక్కరలేదు, మన గడపల దగ్గరే దొరుకుతాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అర్జీలో 'బయటివారు' అన్న మాట నాలుగుసార్లు ఉంది. ఎవరీ బయటివారు? అది చూడాలని ఒక ఆదివారం బైపాసు పక్కన వాళ్ళిప్పుడు అద్దెకుంటున్న రేకుల షెడ్డుకు వెళ్ళాను. మొదటి ఆరాధన ఉదయం ఏడింటికి. అది తెలుగు ఆరాధన. తమిళం తొమ్మిదింటికి, ఇంగ్లీషు పదకొండున్నరకు. ఏడింటికి నూట యాభై మంది దాకా ఉన్నారు. కొందరు చుట్టుపక్కల పల్లెల్లో తరతరాలుగా ఉన్న తెలుగువాళ్ళు, కొందరు కుప్పం, చిత్తూరు వైపు నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చినవాళ్ళు. మన ఇళ్ళలో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళను గుర్తుపట్టాను. వాళ్ళూ నన్ను గుర్తుపట్టి మొహం తిప్పుకున్నారు, బెదిరినట్టు. వెనక వరసలో ఒక ముసలామె దగ్గర అట్టలు ఊడిపోయిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంది. పక్కన పదేళ్ళ మనవరాలు. అవ్వకు చూపు ఆనడం లేదని ఆ పిల్ల చరణం చరణం ముందుగా చదివి వినిపిస్తున్నది, తడుముకోకుండా. తర్వాత అడిగాను, ఏ బడి పాపా అని. తమిళ మీడియం సర్కారు బడి. మరి తెలుగు ఎక్కడ నేర్చుకున్నావంటే, "ఇక్కడే సార్, సండే స్కూల్లో" అంది.

మన సంఘం వేసవిలో తెలుగు తరగతులు పెట్టింది. ఆరుగురు పిల్లలు చేరారు. పదో రోజుకి ఇద్దరు మిగిలారు. పన్నెండో రోజున టీచరమ్మ రావడం మానేశారు. తర్వాత మనం 'ప్రవాసాంధ్రుల్లో మాతృభాషా సంక్షోభం' మీద సదస్సు పెట్టుకున్నాం. బాగా జరిగింది, భోజనాలు బాగున్నాయి.

ప్రభుత్వానికి మెమొరాండం ఇచ్చినప్పుడల్లా మనం ఒక అంకె రాస్తాం, ఈ తాలూకాలో ఇంతమంది తెలుగు మాతృభాషగా గలవాళ్ళున్నారు, కాబట్టి తెలుగు టీచరు పోస్టు తియ్యకండి అని. ఆ అంకెలో ఈ షెడ్డులోని నూట యాభై మందీ ఉన్నారు. మన సభ్యత్వ పుస్తకంలో ఒక్కరూ లేరు. ఎందుకు లేరో సంఘంలో అందరికీ తెలుసు. చందా ఎక్కువని కాదు. మతం అని కూడా కాదు, అంతకు ముందునుంచీ ఉన్న లెక్క ఒకటి ఉంది. దాని పేరు కులం. అంకె కావలసినప్పుడు తెలుగువాళ్ళు, స్థలం కొన్నప్పుడు బయటివాళ్ళు. బ్యాంకులో ఇలా రెండు పుస్తకాలు రాసేవాణ్ణి సస్పెండు చేస్తారు.

సాహిత్యం నాకు పెద్దగా తెలియదన్నాను. అయినా ఈ పత్రిక ఏళ్ళ తరబడి చదివి నేర్చుకున్న నాలుగు ముక్కలు గుర్తు చేస్తాను. తెలుగు మాట మొదట అచ్చయింది మన రాజమండ్రిలోనూ కాదు, బెజవాడలోనూ కాదు. మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్న షుల్జ్ అనే జర్మన్ మిషనరీ 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలే పట్టణంలో చిన్న క్రైస్తవ పుస్తకాలు అచ్చు వేయించాడు. పంతొమ్మిదో శతాబ్దంలో తెలుగు క్రైస్తవ కీర్తనలకు పెద్ద పేరైన పురుషోత్తమ చౌదరి పర్లాకిమిడి ప్రాంతపు మనిషి. అంటే మనలాగే నేడు ఆంధ్ర ఎల్లలకు అవతల పడిన చోటి కవి. ఒడిశాలో ఈ పత్రిక చదివే మిత్రులకు ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. యానాం మిత్రులు ఫ్రెంచివాళ్ళ నాటి చర్చి గంట వింటూనే పెరిగారు. అది వాళ్ళ ఊరి 'స్వరూపం' చెడగొట్టిందని ఎవరూ అన్నట్టు నేను వినలేదు. ఇక జాషువా. సెప్టెంబరు 28న ప్రతి ఏడూ మన సంఘం ఆయన పటానికి దండ వేసి గబ్బిలం మీద ఉపన్యాసం పెట్టిస్తుంది. ఆయనకు 1964లో సాహిత్య అకాడెమీ బహుమానం వచ్చింది క్రీస్తు చరిత్ర కావ్యానికి. ఆ దండ వేసిన చేత్తోనే ఈ అర్జీ మీద ముద్ర వేస్తారా?

'మతం వేరు, భాష వేరు, కలపకండి' అని ఒక కార్యవర్గ సభ్యుడు నాతో వాదించారు. కలిపింది నేను కాదు, రాజ్యాంగం. 30వ అధికరణంలో విద్యాసంస్థలు స్థాపించుకునే హక్కు ఎవరికిచ్చారో చూడండి. మతం మీద గాని, భాష మీద గాని ఆధారపడిన మైనారిటీలు అని ఒకే వాక్యంలో ఉంది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం మైనారిటీ ఎవరో రాష్ట్రాన్ని బట్టి లెక్కించాలని చెప్పింది, రెండు రకాల వాళ్ళకూ ఒకే కొలత. దేశం మొత్తం మీద కోట్లమంది ఉన్న మనం తమిళనాడులో మైనారిటీ అయ్యేది ఈ లెక్క వల్లనే. 2006లో ఇక్కడ తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. తర్వాత పదో తరగతి పిల్లల కోసం మినహాయింపు అడుగుతూ భాషా మైనారిటీలు కోర్టుల చుట్టూ తిరిగారు. 2023లో సుప్రీంకోర్టు దాకా పోయి ఆ ఏటికి మినహాయింపు తెచ్చుకోవలసి వచ్చింది. అప్పుడు మనతో ఎదుటివాళ్ళు ఏమన్నారో గుర్తుందా? 'మాకు తెలుగు మీద ద్వేషం లేదు, కానీ.' ఆ 'కానీ' చెవిన పడితే ఎలా ఉంటుందో ఈ రాష్ట్రంలో మనకంటే బాగా ఎవరికి తెలుసు? అదే మాట ఇప్పుడు మన లెటర్‌హెడ్డు మీద టైపు చేయించమంటున్నారు.

మన పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కడ గుడి కట్టాలంటే ఏం జరుగుతుందో ఫోన్లో చెబుతూనే ఉంటారు. కౌంటీ విచారణ, ఇరుగుపొరుగు ఆక్షేపణ, పార్కింగు, శబ్దం. కాలిఫోర్నియాలో యూబా సిటీ అనే ఊళ్ళో సిక్కుల కథ ఒకటి కోర్టు రికార్డులో ఉంది. ఊళ్ళో ఇళ్ళ మధ్య గురుద్వారా కడతామంటే, శబ్దం, ట్రాఫిక్ అని ఇరుగుపొరుగు వాళ్ళు గోల చేశారు, అనుమతి రాలేదు. సరే అని వాళ్ళు ఊరవతల పొలాల్లో ఇరవై ఎనిమిది ఎకరాల పైచిలుకు కొన్నారు. ఒకసారికి డెబ్బై అయిదుమందికి మించి రారని కూడా చెప్పారు. ఈసారి కౌంటీ బోర్డు, ఇది ఊరికి మరీ దూరం, పొలాల మధ్య ఇలా కడితే పట్టణం అడ్డదిడ్డంగా పెరుగుతుందని కాదన్నది. దగ్గరైతే దగ్గరని వద్దు, దూరమైతే దూరమని వద్దు. మతసంస్థల భూవినియోగానికి రక్షణగా 2000లో అక్కడ చేసిన ఫెడరల్ చట్టం కింద వాళ్ళు దావా వేసి 2006లో అప్పీలు కోర్టులో గెలిచారు. అలాంటి వార్త చదివినప్పుడు మనం సిక్కుల పక్షం. మన అల్లుడు గారి ఊళ్ళో గుడికి అడ్డుపడితే 'జాత్యహంకారం' అంటాం. హోసూరుకు వచ్చేసరికి మనమే కౌంటీ బోర్డు.

అర్జీలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది చివరి పేరా. ఈ నిర్మాణం వల్ల 'ప్రజాశాంతికి భంగం వాటిల్లే ప్రమాదం' ఉందట. ఈ మాట ఊరికే రాలేదు. ఈ రాష్ట్రంలో 1997 నాటి పంచాయతీ భవన నిబంధనల్లో ప్రార్థనా స్థలానికి కలెక్టరు ముందస్తు అనుమతి కావాలని, శాంతిభద్రతలకు ముప్పు అనుకుంటే ఆయన నిరాకరించవచ్చని ఉండేది. తర్వాత 2019లో రాష్ట్రం మొత్తానికి ఉమ్మడి భవన నిబంధనలు వచ్చాయి గాని, అర్జీలు రాసేవాళ్ళకు ఆ పాత మంత్రం నోటికొచ్చింది. దాని మర్మం గమనించండి. కట్టేవాడు శాంతిగా ఉంటాడు. వద్దన్నవాడు గొడవ చేస్తానంటాడు. గొడవ భయం ఉంది గనక కట్టేవాడికి అనుమతి లేదు. అంటే గొడవ చేస్తానన్న బెదిరింపే సాక్ష్యం అన్నమాట. చెక్కు బౌన్సు చేసినవాడే వచ్చి బ్యాంకు మీద నష్టపరిహారం అడిగినట్టుంది. రేపు మన తెలుగు భవనానికి, నలభై ఏళ్ళుగా శంకుస్థాపన కోసం ఎదురుచూస్తున్న ఆ భవనానికి, ఎవరో పాతికమంది ఇదే వాక్యం రాసిస్తే మనం ఏ మొహంతో జవాబు చెబుతాం?

చర్చి వాళ్ళని వెనకేసుకొస్తున్నానని అనుకునేవాళ్ళకు ఇంకో మాట. వాళ్ళ తీరూ నాకు నచ్చలేదు. ప్లాను చూపించమని మన లేఅవుట్ కమిటీ అడిగితే 'దేవుని పని ఆగదు' అని జవాబిచ్చారు. అది దేవుడి జవాబేమో గాని పొరుగువాడి జవాబు కాదు. మొదటి దరఖాస్తులో 'కమ్యూనిటీ హాలు' అని రాసి తర్వాత ఆరాధన మందిరం అని మార్చారని విన్నాను. నిజమైతే అది తప్పు, కాగితం మీద ఏం రాశారో అదే కట్టాలి. ఇప్పుడు ఎనిమిది వందలు, రేపు మూడు వేలు అని వాళ్ళ కరపత్రంలో గొప్పగా వేసుకున్నారు. మూడు వేలకు ఈ స్థలమూ చాలదు, నా ముప్పై ఆరు సెంట్ల లెక్కా చాలదు. ఆ విషయం ఇప్పుడే రాసివ్వమని అడగాలి. పాస్టరు గారు మన సమావేశానికి వచ్చి ప్లాను బల్ల మీద పరచి, అడిగినవాటికి జవాబు చెప్పాలి. రానంటే ఆ సంగతి కూడా మినిట్స్‌లో రాయాలి. ఇవన్నీ అడగడానికి ఎవరి మతాన్నీ ఎత్తనక్కరలేదు.

సర్వసభ్య సమావేశం వచ్చే నెల రెండో ఆదివారం. అర్జీకి సంఘం ముద్ర వెయ్యరాదని నేను ప్రతిపాదిస్తాను. దాని బదులు కమిషనరు గారికి మన సంఘం తరఫున వేరే లేఖ వెళ్ళాలి. పార్కింగు ఆవరణలోనే ఉండాలి, గేటు మెయిన్ రోడ్డు వైపు, వాననీటి కాలువ మూసివేయరాదు, శబ్దం నిబంధనలకు లోబడి ఉండాలి, ఈ నాలుగూ కల్యాణ మండపంతో సహా లేఅవుట్‌లో జనం గుమికూడే ప్రతి కట్టడానికీ వర్తించాలి అని. ఏడు గంటల తెలుగు ఆరాధనకు వచ్చే కుటుంబాలకు సభ్యత్వ ఫారాలు ఇవ్వాలన్నది రెండో ప్రతిపాదన. దాన్ని బలపరచడానికి ఇప్పటికి ఒక్కరే ఒప్పుకున్నారు, ఇంకొకరు కావాలి. ప్రతిపాదనలు ఓడిపోతే నా అసమ్మతి పేరుతో సహా నమోదు చెయ్యమంటాను. లేఖ ముసాయిదా కార్యదర్శి గారికి పంపాను. పార్కింగు లెక్క దాని వెనక పేజీలో ఉంది, తప్పుంటే దిద్దవచ్చు.